మంచం పక్కన లాప్‌టాప్: తెర తిప్పే కమాండ్ వెనక చరిత్ర

ముందు మీ అందరికీ తెలిసిన ఒక చిన్న చిరాకుతో మొదలుపెడతాను.

రాత్రి పడుకుని ఫోన్ చూస్తున్నారు. వెల్లకిలా ఉన్నంతసేపూ బానే ఉంది. ఎడమ పక్కకి తిరిగారు, ఫోన్ కూడా మీతోపాటు తిరిగింది. అంతే, తెర మీద బొమ్మ గిర్రున అడ్డం తిరిగిపోయింది. తిట్టుకుంటూ ఆటో రొటేట్ ఆపేశారు. పొద్దున్నే వీడియో పెద్దగా చూద్దామని ఫోన్ అడ్డంగా పట్టుకుంటే ఇప్పుడు తిరగదు. మళ్ళీ తిట్టుకుని ఆన్ చేశారు. అవునా కాదా?

ఎందుకిలా అంటే, ఫోన్‌కి భూమి ఎటుందో తెలుసు. మీ మొహం ఎటుందో తెలీదు. తెరకి "పైన" అనేది ఎటు అన్న ప్రశ్నకి జవాబు ఎవరు చెప్పాలి, మిషనా, చూసే మనిషా? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే. ఫోన్ గురించి కాదు, లాప్‌టాప్ గురించి. అందులోనూ లైనక్స్ వేసిన లాప్‌టాప్ గురించి. లైనక్స్ అనగానే పారిపోకండి, ఇందులో మా తాతయ్య కూడా ఉన్నాడు.

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే మీద బస్సెక్కిన వాళ్ళు మా ఊరి మీదుగానే పోతారు. పత్తి మిల్లులు, మిరపకాయల లారీలు, దూరంగా కొండవీడు కొండలు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. రెడ్డిరాజుల కొండవీడు కోట మా మండలంలోదే.

తాతయ్య పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పోయినేడు వానల్లో వాకిట్లో జారిపడ్డాడు. కుడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేసి ఇంటికి పంపించారు. కొన్ని వారాలు కుడి పక్కకి తిరగొద్దన్నారు. ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు. వెల్లకిలా పడుకుని పడుకుని వీపు మండిపోయేది. ఇక మిగిలింది ఎడమ పక్క ఒక్కటే. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని, రోజులో ఎక్కువ భాగం అలా ఎడమ వైపుకి తిరిగే ఉండేవాడు.

ఆయనకి చదువుడు పిచ్చి. మిల్లులో కూడా డ్రాయర్లో పుస్తకం ఉండేదట. ఇప్పుడు చూస్తే పుస్తకం పట్టుకోవడానికి చెయ్యి నిలవదు, వణుకు. ఫోన్ ఇస్తే అక్షరాలు చిన్నవి, పైగా అది గిర్రున తిరగడం. టీవీ పెడితే పక్కకి పడుకున్నవాడికి మనుషులంతా గోడకి మేకులు కొట్టినట్టు అడ్డంగా కనపడతారు. మెడ తిప్పి చూసి చూసి నొప్పి తెచ్చుకున్నాడు. మొదటి వారం అందరినీ పిలిచి పిలిచి మాట్లాడాడు. రెండో వారానికి మాటలు తగ్గాయి. మూడో వారం, "అన్నం తిన్నావా తాతయ్యా" అంటే "ఊఁ" అనేవాడు, అంతే. అమ్మమ్మ బయటికొచ్చి నాతో, "ఈయన ఇట్టా ఉంటే నాకు భయమేస్తందిరా" అంది.

ఒకరోజు ఆయనే అడిగాడు. "ఒరేయ్, పలనాటి వీరచరిత్ర దొరుకుద్దేమో చూడరా. నా దగ్గరుండేది, ఎవుడో పట్టుకుపోయాడు."

దొరికింది. ఎలా దొరికిందో చెప్పాలి, ఎందుకంటే అదీ ఈ కథలో భాగమే. రాజ్ రెడ్డి గారని వినే ఉంటారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యి, 1994లో కంప్యూటర్ రంగంలో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు తీసుకున్న ఆయన. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలని 2000ల తొలినాళ్ళలో ఒక ప్రాజెక్టు పెట్టించారు. మన దేశంలో దాని భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో పెద్ద కేంద్రం. అక్కడ వేల తెలుగు పుస్తకాలు పేజీ పేజీ స్కాన్ అయ్యాయి. ఇప్పుడు వాటిలో చాలా వరకు ఆర్కైవ్ సైట్‌లో దొరుకుతాయి. పలనాటి వీరచరిత్రని అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు. ద్విపద కావ్యం. శ్రీనాథుడు రాశాడని చెప్తారు. ఆ శ్రీనాథుడు ఉద్యోగం చేసింది ఎక్కడ? కొండవీట్లో, పెదకోమటి వేమారెడ్డి కొలువులో, విద్యాధికారిగా. మా ఇంటి నుంచి కనపడే కొండ అన్నమాట. పుస్తకం మాత్రం హైదరాబాద్, అమెరికా తిరిగి మా ఇంటికి వచ్చింది.

సరే, నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న లాప్‌టాప్. ర్యామ్ 4 జీబీ. విండోస్ వేస్తే ముక్కుతూ మూలిగేది, అందుకని లైనక్స్ మింట్ వేసుకున్నాను. దాన్ని స్టూలు మీద పెట్టి, మంచం పక్కకి జరిపి, పుస్తకం తెరిచాను. పేజీ నిలువుగా, సన్నగా, తెర మధ్యలో నిలబడింది. అటూ ఇటూ సగం తెర ఖాళీ. ద్విపద కదా, పాదాలు పొట్టివి, పేజీ ఇంకా సన్నం. పైగా తాతయ్య పడుకుని ఉన్నాడు కాబట్టి ఆయనకి అక్షరాలన్నీ అడ్డంగా ఉన్నాయి. ఒక నిమిషం చూసి కళ్ళు మూసుకున్నాడు. "రేపు చూద్దాంలే" అన్నాడు.

రేపు చూడడని నాకు తెలుసు.

అప్పుడు టెర్మినల్ తెరిచి ఒక ముక్క కొట్టాను. ఎక్స్‌రాండర్, మైనస్ ఓ, లెఫ్ట్. ఎంటర్. తెర ఒక్క క్షణం నల్లబడి, మొత్తం ఎడమకి ఒరిగిపోయింది. కూర్చున్న నాకు తెర పక్కకి పడిపోయినట్టు ఉంది. పడుకున్న ఆయనకి నిటారుగా నిలబడింది. పేజీ తెరంతా నిండింది.

ఆ మూడు ముక్కల కమాండ్ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఈ ఎపిసోడ్ అలా పుట్టింది.

అసలు తెరలు అడ్డంగా ఎందుకుంటాయో ముందు చూద్దాం. మన పూర్వం రాతంతా అడ్డమే. తాటాకు ఎంత పొడవుంటుంది, ఎంత వెడల్పుంటుంది? జానెడు, మూరెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. ఆకు ఎలా ఉంటే రాత అలా ఉంది. శ్రీనాథుడు చూసిన పేజీ మన లాప్‌టాప్ కన్నా అడ్డం. తర్వాత కాగితం, అచ్చు వచ్చి పేజీని నిలబెట్టాయి. ఒక లైను మరీ పొడుగైతే, చివరికెళ్ళిన కన్ను తిరిగొచ్చేటప్పుడు కింది లైను తప్పుతుంది. అందుకే పుస్తకం పేజీ సన్నగా, నిలువుగా ఉంటేనే సుఖం.

కంప్యూటర్ వాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. 1973లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. మౌసు, విండోలు, ఇవన్నీ ఒకచోట చేరింది అందులోనే. దాని తెర నిలువు! 606 చుక్కల వెడల్పు, 808 చుక్కల ఎత్తు. కాగితం యంత్రాల కంపెనీ కదా, తెర కూడా కాగితంలా ఉండాలనుకున్నారు. కానీ ఆల్టో ఎప్పుడూ బజారులో అమ్మకానికి రాలేదు. బజారులోకి వచ్చిన కంప్యూటర్లకి చవగ్గా దొరికింది టీవీ గొట్టం. టీవీ అడ్డం, కాబట్టి కంప్యూటరూ అడ్డం. ఆ తర్వాత టీవీలు సినిమా కోసం ఇంకా వెడల్పయ్యాయి, వాటి వెనకే లాప్‌టాప్‌లూ సాగాయి. నా లాప్‌టాప్ తెర 1366 చుక్కల వెడల్పు, 768 ఎత్తు. సినిమాకి బ్రహ్మాండం, ద్విపదకి దండగ.

మధ్యలో కొందరు తెరనే తిప్పారు. 1990ల మొదట్లో రేడియస్ అనే కంపెనీ మ్యాకింటోష్‌ల కోసం పివట్ అని ఒక మానిటర్ అమ్మింది. చేత్తో పట్టుకుని తిప్పితే నిలువవుతుంది, బొమ్మ కూడా దానంతటదే సర్దుకుంటుంది. అది డబ్బున్న ఆఫీసుల సంగతి.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. లైనక్స్ డెస్క్‌టాప్‌లకి పునాదిగా చాలా ఏళ్ళు ఉన్నది ఎక్స్ విండో సిస్టం. 1984లో అమెరికాలో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. అంతకుముందున్న విండో సిస్టం పేరు డబ్ల్యూ, తర్వాతి అక్షరం ఎక్స్. పేరు పెట్టడం అంత సింపుల్‌గా అయిపోయింది. 1987 సెప్టెంబరులో పదకొండో వెర్షన్ వచ్చింది, ఎక్స్11. ఆ పదకొండే ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో నడుస్తోంది.

దాంట్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. తెర సైజు మారదు! ఏ ప్రోగ్రాం అయినా తెరిచిన వెంటనే ఎక్స్ సర్వర్‌ని పలకరిస్తుంది. సర్వర్ "నా తెర ఇంత వెడల్పు, ఇంత ఎత్తు" అని చెప్తుంది. ఒక్కసారే చెప్తుంది. ప్రోగ్రాం ఆ మాట నమ్మి పని మొదలుపెడుతుంది. 1987లో అది తప్పేం కాదు. బల్ల మీద ముప్పై కిలోల మానిటర్, దాన్ని ఎవడు తిప్పుతాడు? దాంతో తెర సైజు నిజంగా మార్చాలంటే సెట్టింగుల ఫైలు మార్చి, తెరిచినవన్నీ మూసి, మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి. చాలా ఏళ్ళు అలాగే గడిచింది.

ఈ నమ్మకాన్ని పగలగొట్టింది ఒక అరచేతి కంప్యూటర్. 2000లో కాంపాక్ కంపెనీ ఐపాక్ అని ఒకటి తెచ్చింది. తెర 240 బై 320, వేగం 206 మెగాహెర్ట్జ్, ర్యామ్ 32 ఎంబీ. ఈరోజు మీ స్మార్ట్ వాచ్ దానికన్నా బలమైనది. కంపెనీ దాన్ని అమ్మింది మైక్రోసాఫ్ట్ సిస్టంతో. కానీ అదే కంపెనీ కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో కొందరు దాని మీద లైనక్స్ ఎక్కించారు. వాళ్ళలో ఎవరున్నారో చూడండి. ఎక్స్ మొదలుపెట్టిన జిమ్ గెటిస్! తెర మారదని పదహారేళ్ళ కిందట అనుకున్న మనిషి చేతిలోనే ఇప్పుడు ఎటు పడితే అటు తిప్పగలిగే తెర ఉంది.

ఆయన, కీత్ ప్యాకార్డ్ కలిసి 2001లో యూజ్‌నిక్స్ అనే సమావేశంలో ఒక పేపర్ ఇచ్చారు. విషయం, ఎక్స్‌కి ఒక కొత్త జోడింపు. రీసైజ్ అండ్ రొటేట్, పొట్టిగా రాండర్. ఉపాయం వింటే "ఇంతేనా" అనిపిస్తుంది. తెర మారితే సర్వర్ ప్రోగ్రాములకి కబురు పంపుతుంది, "అయ్యా, ఇప్పుడు నా కొలతలు ఇవి" అని. ఆ కబురు అర్థమైన ప్రోగ్రాములు సర్దుకుంటాయి. అర్థం కాని పాతవి వాటి మానాన అవి నడుస్తాయి, పడిపోవు. పద్నాలుగేళ్ళ పాత ప్రోగ్రాములు ఒక్కటి కూడా పాడవకుండా కింద పునాది రాయి మార్చడం. నన్నడిగితే ఇందులో గొప్పతనం తిప్పడంలో కంటే ఇక్కడే ఉంది.

ఇక తిప్పడం అంటే ఏం జరుగుతుంది? నా తెరలో 768 ఇంటూ 1366, మొత్తం 10,49,088 చుక్కలున్నాయి. తిప్పమన్నప్పుడు ప్రోగ్రాములన్నీ 768 వెడల్పు, 1366 ఎత్తు ఉన్న ఒక ఊహా తెర మీద గీస్తాయి. అది మెమరీలో ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి చుక్కనీ తీసి అసలు తెర మీద వేరేచోట పెట్టాలి. లెఫ్ట్ అంటే, పేజీ ఎడమ పై మూలలోని చుక్క ప్యానెల్‌లో ఎడమ కింది మూలకి వెళ్తుంది. కుడి పై మూలది ఎడమ పై మూలకి వస్తుంది. కాగితం మీద ఒక డబ్బా గీసి తిప్పి చూడండి, తెలిసిపోతుంది.

వినడానికి తేలికే, కానీ మెమరీలో చుక్కలు వరసలు వరసలుగా ఉంటాయి. వరస వెంట చదివితే వేగం. తిప్పేటప్పుడు వరసలో చదివింది నిలువుగా రాయాలి, ప్రతి చుక్కకీ వేరే వరసకి దూకాలి. ఒక పాత ప్రాసెసర్‌కి ఇది మిరప తోటలో సాలు వెంట కాకుండా సాళ్ళకి అడ్డంగా దాటుకుంటూ కాయ కోయడం లాంటిది. అందుకే ఆ రోజుల్లో తిప్పిన తెర మీద వీడియో నత్తనడక నడిచేది. తర్వాత ఆ పని గ్రాఫిక్స్ చిప్పులు అందుకున్నాయి.

డెస్క్‌టాప్‌లకి ఇది ఒక్కరోజులో రాలేదు. 2003 ఫిబ్రవరిలో ఎక్స్‌ఫ్రీ86 4.3 వెర్షన్‌లో రాండర్ వచ్చింది గానీ చాలా కార్డులకి సైజు మారడమే, తిరగడం లేదు. అదే ఏడు ఆ ప్రాజెక్టులో పెద్ద గొడవ. మార్చిలో కీత్ ప్యాకార్డ్‌ని కోర్ టీం నుంచి తీసేశారు. మరుసటి ఏడు లైసెన్సు మార్చారు, దాంతో లైనక్స్ పంపిణీలన్నీ మూకుమ్మడిగా బయటికొచ్చి ఎక్స్.ఆర్గ్ వైపు వెళ్ళిపోయాయి. కోడ్ అందరిదీ కాబట్టే వెళ్ళగలిగారు, పాత కోడ్‌ని చంకన పెట్టుకుని మరీ వెళ్ళారు. 2007లో రాండర్ 1.2 వచ్చింది. అప్పటి నుంచి లాప్‌టాప్ తెర ఒకలా, పక్కనున్న మానిటర్ ఇంకోలా, దేనికది విడిగా తిప్పుకోవచ్చు. నేను కొట్టిన మైనస్ ఓ మాత్రం మొదటి తరం పద్ధతి. పాతదే, ఇంకా తీసెయ్యలేదు.

2007 అనగానే ఇంకొకటి చెప్పాలి. పేద దేశాల పిల్లలకి చవక లాప్‌టాప్ ఇవ్వాలని ఒన్ లాప్‌టాప్ పర్ చైల్డ్ అని ఒక ప్రయత్నం జరిగింది. ఆకుపచ్చ, తెలుపు రంగుల చిన్న లాప్‌టాప్, లోపల లైనక్స్. తెర మెలితిప్పి మూస్తే పుస్తకంలా అయిపోతుంది. తెర పక్కనే ఒక బటన్, నొక్కిన ప్రతిసారీ బొమ్మ ఒక పక్కకి తిరుగుతుంది. సెన్సార్ లేదు, పిల్లవాడే నొక్కాలి. దాని సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసింది ఎవరనుకున్నారు? మళ్ళీ జిమ్ గెటిసే. మన దేశంలో మహారాష్ట్రలోని ఖైరాత్ అనే పల్లె బడిలో ఆ ఏడే ఇచ్చి చూశారు. మన దాకా మాత్రం పెద్దగా రాలేదు.

మన దాకా వచ్చింది వేరేది. 2005లో హైదరాబాద్ నుంచి స్వేచ్ఛ అనే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. మెనూలు తెలుగులో, కోడ్ అందరికీ. నోమ్, కేడీఈ లాంటి డెస్క్‌టాప్‌లని జీతం లేకుండా రాత్రుళ్ళు కూర్చుని తెలుగులోకి మార్చిన వాళ్ళున్నారు. తెలుగు ఒత్తులు, గుణింతాలు తెర మీద సరిగ్గా కుదరడానికి పనిచేసిన వాళ్ళున్నారు. నా మింట్‌లో తెలుగు పెట్టెలు పెట్టెలుగా కాకుండా అక్షరాలుగా కనపడుతోందంటే వాళ్ళ వల్లే.

ఇక విండోస్ వాళ్ళు, "మాకు ఈ గోలంతా లేదు, కంట్రోల్, ఆల్ట్, బాణం గుర్తు నొక్కితే తిరిగేది" అంటారు. నిజమే, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఆ సదుపాయం ఉండేది. మా కాలేజీ ల్యాబ్‌లో మావాడొకడు పొరపాటున కింది బాణం నొక్కాడు. తెర తలకిందులైంది. ల్యాబ్ సార్ వచ్చి చూసి వైరస్ అన్నారు. మానిటర్‌ని ఎత్తి తలకిందులుగా పెట్టి పని చేసుకోమన్నారు, ఒట్టు! రెండు రోజుల తర్వాత సిస్టం ఫార్మాట్ కొట్టేశారు. ఇంకో బాణం నొక్కితే పోయేది. ఆ తెర ఎందుకు తిరిగిందో మాలో ఒక్కడికీ తెలీదు, ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

ఇప్పుడు సెన్సార్ సంగతి. ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్ భూమి లాగే లాగుడుని కొలుస్తుంది. ఏ వైపుకి లాగుతోందో అది కింద, దానికి ఎదురుది పైన. ఐఫోన్ వచ్చాకే ఇది మనకి తెలిసిందనుకుంటాం. కానీ 2004 ఏప్రిల్‌లోనే బెంగుళూరులో అమిదా సింప్యూటర్ అని ఒక అరచేతి కంప్యూటర్ విడుదలైంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ కంపెనీ వాళ్ళు కలిసి మొదలుపెట్టిన ఆలోచన, తయారు చేసింది భారత్ ఎలక్ట్రానిక్స్. లోపల లైనక్స్, పైగా కదలికని కనిపెట్టే సెన్సార్. ఐఫోన్ కన్నా మూడేళ్ళ ముందు, మన పక్క రాష్ట్రంలో! అమ్ముడుపోలేదు, అది వేరే ఏడుపు.

లైనక్స్ లాప్‌టాప్‌లకి కూడా తర్వాత సెన్సార్ వచ్చింది. తెర వెనక్కి మడిచే రకం లాప్‌టాప్‌లలో నోమ్ దానంతటదే తిప్పేస్తుంది, వద్దంటే తాళం వేసుకోవచ్చు. టచ్ స్క్రీన్ ఉంటే ఇంకో చిక్కుంది. బొమ్మ తిరిగినా వేలు తగిలిన చోటు లెక్క తిరక్కపోతే, మీరు ఇక్కడ ముట్టుకుంటే అక్కడ నొక్కుకుంటుంది. దానికి తొమ్మిది అంకెల పట్టిక ఒకటి మార్చాలి. ఇంటర్‌లో మ్యాట్రిసెస్ ఎందుకురా బాబూ అనుకున్న వాళ్ళు, ఇందుకు.

ఒక హెచ్చరిక. ఇప్పుడు కొత్త ఉబుంటు వేసుకుని ఎక్స్‌రాండర్ కొడితే తెర తిరగదు. ఎందుకంటే కింద ఎక్స్ తీసేసి వేలాండ్ పెట్టారు. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టింది. ఎక్స్‌లో ఏ ప్రోగ్రాం అయినా తెరని తిప్పేయగలదు, పక్క ప్రోగ్రాం ఏం గీస్తోందో కూడా తొంగిచూడగలదు. వేలాండ్‌లో ఆ అధికారం డెస్క్‌టాప్ నడిపే పెద్ద ప్రోగ్రాంకి మాత్రమే. భద్రతకి మంచిదే. మీరు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌లోకి వెళ్ళి ఓరియంటేషన్ మార్చుకోండి, తిరుగుతుంది. పాత కమాండ్ పోయిందని నాకు కొంచెం బాధ, అంతే.

మళ్ళీ మా ఇంటికి. తెర తిరిగింది కదా, తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు చూసి, "ఒరేయ్, ఒక కంటికి తెల్లగా ఉంది, ఇంకో కంటికి మసగ్గా ఉందేందిరా?" అన్నాడు. నాకు భయమేసింది, ఆపరేషన్ వల్ల కంటికేమైనా అయిందా అని. నేను కూడా పక్కన చాప మీద అలాగే పడుకుని చూశాను. నాకూ అంతే! చవక లాప్‌టాప్ ప్యానెల్స్ పై నుంచి చూస్తే ఒకలా, కింది నుంచి చూస్తే ఇంకోలా కనపడతాయి. మామూలుగా కూర్చుంటే రెండు కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి తెలీదు. పక్కకి పడుకుంటే ఒక కన్ను పైన, ఒక కన్ను కింద. రెండిటికీ వేరే కోణం. లాప్‌టాప్ మూత కొద్దిగా వెనక్కి వంచి, స్టూలు ఒక జానెడు దూరం జరిపితే చాలావరకు సర్దుకుంది. మెనూలలో తలకట్ల అంచున ఎరుపు, నీలం చారలు కూడా కనపడ్డాయి. తెరలో ప్రతి చుక్కా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని పక్కపక్కన మూడు గీతలు. అక్షరాల అంచుల్ని నున్నగా చూపడానికి సిస్టం ఆ గీతల్ని వాడుకుంటుంది, తెర తిరిగితే ఆ లెక్క తప్పుతుంది. ఫాంట్ సెట్టింగ్‌లో గ్రేస్కేల్ పెట్టాను, పోయింది. టచ్‌ప్యాడ్ మాత్రం ఆయనకి పిచ్చెక్కించింది, వేలు ఒక పక్కకి జరిపితే బాణం ఇంకో పక్కకి పోతుంది. దానికి ఏ పట్టికా మార్చలేదు. పేజ్ డౌన్ మీటకి ఎర్ర స్టిక్కర్ అంటించాను.

ఆ సాయంత్రం వంటింట్లో ఉన్న అమ్మమ్మకి లోపల్నుంచి గొంతు వినపడింది. ద్విపద పైకి చదువుతున్నాడు. మధ్యలో ఆగి, "ఒసేయ్, ఇది విన్నావా" అని పిలిచాడు. ఆమె గరిటె పట్టుకునే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

తర్వాత రోజూ నడిచింది. నేను ఇంట్లో లేనప్పుడు కావాలని ఆ కమాండ్ కూడా నేర్పమన్నాడు. మిల్లులో టైపు మిషన్ మీద చేసిన వేళ్ళు, అక్షరం అక్షరం గట్టిగా కొట్టేవాడు. కాగితం మీద తెలుగులో రాసి గోడకి అంటించుకున్నాడు, ఎక్స్‌రాండర్, గీత, ఓ, ఖాళీ, లెఫ్ట్.

ఎనిమిది వారాలకి డాక్టరు చూసి, ఇక కుడి పక్కకి కూడా కొంచెం కొంచెం తిరగొచ్చన్నారు. ఇంటికొచ్చి జాగ్రత్తగా, దిండు పట్టుకుని, మెల్లగా అటు తిరిగాడు. నేను స్టూలు ఎత్తి మంచానికి ఆ పక్కకి మార్చాను. తెర ఆయనకి తలకిందులుగా ఉంది. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టబోతే ఆపాడు.

"ఆగరా. లెఫ్ట్‌కి ఎదురు ఏంది? రైటేగా?"

అని ఆయనే కొట్టాడు.